ప్రభ మీద వడ్డన

మా అమ్మాయి కూతురు బట్టల డిజైనింగ్ చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎక్కడిదో పాత మేడ. దాని ముందు పైనుంచి కిందదాకా వేలాడదీసిన పొడుగాటి గుడ్డలు, ఆ గుడ్డల మీద కదిలే బొమ్మలు. మేడల సంగతి తెలిసినవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, వీడియోవాళ్ళు అందరూ కలిసి చేస్తారట. ఇదంతా ఇప్పుడిప్పుడే వస్తున్న కళ అట. "పోవే, మేం ఎప్పుడో చేశాం" అన్నాను. "ఎక్కడ అమ్మమ్మా, నరసరావుపేటలోనా?" అని పడీ పడీ నవ్వింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. దాన్ని కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

మా ఊరు నరసరావుపేటకి బస్సులో అరగంట. ఎనభైల నడుమ సంగతి ఇది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. అరుగు మీద మిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేదాన్ని. మా నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ, నేను, మా అన్న. అన్న మాచర్ల వైపు రాళ్ళ క్వారీలో పనికి పోయేవాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చి, నెత్తిన రాతిపొడితో అలాగే పీటేసుకుని అన్నానికి కూర్చునేవాడు.

ఒక వానాకాలం క్వారీలో చరియ విరిగి అన్న మీద పడింది. లారీలో ఇంటికి తెచ్చారు. మొహం మీద గుడ్డ తియ్యనియ్యలేదు. అమ్మ ఎంత మొత్తుకున్నా నలుగురు మగవాళ్ళు పట్టుకుని పక్కకి లాగేశారు. "వద్దక్కా, నువ్వు చూడలేవు" అన్నారు. వాళ్ళు మంచికే అన్నారు. కానీ దాంతో అమ్మకి ఒక తీరని లోటు మిగిలిపోయింది.

ఎందుకంటే మా ఇంట్లో అన్న ఫోటో లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. స్టూడియోకి పోయి ఫోటో దిగడమంటే పెళ్ళిచూపులప్పుడు చూసుకుందాంలే అనుకునే ఇళ్ళు మావి. సంవత్సరీకం నాడు పటం పెట్టాల్సిన చోట అమ్మ అన్న తువ్వాలు మడత పెట్టి, దాని మీద పువ్వులుంచింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి, నేను మిషను తొక్కుతుంటే పక్కనొచ్చి కూర్చుని అంది.

"పిల్లా, వాడి కళ్ళు గుర్తున్నయ్యి. ముక్కు గుర్తుంది. నవ్వితే పక్కకి పోయే మూతీ గుర్తుంది. అన్నీ కలిపితే మాత్రం వాడు రావట్లేదే."

నా కాలు మిషను మీద ఆగిపోయింది. నాకూ రావట్లేదు. ఆ మాట మాత్రం అమ్మతో అనలేదు.

ఒక్క దారి ఉందని నాకు తెలుసు. అన్న పోవడానికి ముందు వేసవిలో క్వారీ కాంట్రాక్టరు కూతురి పెళ్ళి పేటలో, అదే నరసరావుపేటలో, జరిగింది. క్వారీ కుర్రాళ్ళందరినీ వడ్డనకి పిలిపించుకున్నాడు. ఆ పెళ్ళికి వీడియో తీశారు. మా వైపు అప్పుడప్పుడే మొదలైన వింత అది. అన్న ఇంటికొచ్చి "నేను కూడా పడ్డానంటమ్మా అందులో" అని మురిసిపోతూ చెప్పాడు.

అమ్మని తీసుకుని కాంట్రాక్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య మంచిది, కాదనకుండా క్యాసెట్ వేసింది. టీవీ చూస్తే అంతంత మాత్రం. అందులో భోజనాల దగ్గర కెమెరా అంతా పెద్దవాళ్ళ మీదే ఉంది. వడ్డించేవాళ్ళు వేలెడంత, అదీ సగం సగం మనుషులు, నాకే అన్న లీలగా కనపడ్డాడు. పైగా అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు, కుడికన్ను మరీ మసక. టీవీకి ఎంత దగ్గరగా జరిగినా ఏమీ ఆనలేదు. "కనపడ్డాడా పిన్నీ?" అని ఆవిడ అడిగితే "కనపడ్డాడమ్మా, నువ్వు చల్లగుండాల" అంది. బస్సెక్కాక మాత్రం "ఏమీ కనపడలేదే. ఎవరెవరివో చేతులు" అంది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చి, టిక్కెట్టు అడిగిన కండక్టరు మీద అరిచేశాను.

ఇక ప్రభ సంగతి. శివరాత్రికి కోటప్పకొండకి మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ప్రభలు కట్టుకుపోతాయి. ఎన్నడూ చూడనివాళ్ళకి ఎంత చెప్పినా ఊహకి అందదు. చక్రాల బండి మీద దుంగలు బిగించి, వాటికి వెదుళ్ళు ముడేసి, తాటిచెట్లని దాటిపోయే ఎత్తున ఒక గోపురాన్ని లేపుతారు. ముందు వైపంతా గుడ్డలు, రంగు కాగితాలు, బల్బులు. అంత పెద్ద మేడ తాళ్ళ మీద నిలబడి, గాలికి ఊగుతూ, పొలాల మధ్య నడిచి వస్తుంటే చిన్నప్పుడు నేను నోరెళ్ళబెట్టి ఊపిరి తీసుకోవడం మర్చిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. మా ఊళ్ళో ఇంకో ఆనవాయితీ ఉంది. ప్రతి ఇంటి నుంచీ ఒక చీర ప్రభకి కడతారు. తిరునాళ్ళ అయ్యాక ఆ చీర తిరిగి తెచ్చుకుని, స్వామి కట్టి ఇచ్చినట్టు కట్టుకుంటారు.

ఆ ఏడాది పక్క ఊరివాళ్ళు మా కన్నా ఎత్తు కడుతున్నారని తెలిసింది. మా ఊరి ప్రభకి పెద్దగా ఉండే ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. ఆయనకి నిద్ర పట్టలేదు. చివరికి ఒకరోజు మా అరుగు మీదే కూర్చుని తేల్చేశాడు. "ఎత్తులో వాళ్ళని కొట్టలేం అమ్మాయ్. మనం ప్రభ మీద బొమ్మ ఆడిద్దాం. పేటలో వీడియో హాలాయన దగ్గర ఏదో పెద్ద మిషనుందంట, గోడంత బొమ్మ ఏస్తదంట. ముందు భాగమంతా చీరలు కలిపి తెర మాదిరి నువ్వు కుట్టాల."

ఆ వీడియో హాలాయనే కాంట్రాక్టరు ఇంటి పెళ్ళి వీడియో తీసింది.

మర్నాడే పేట బస్సెక్కాను. ఆయన ముక్కు మీద కోపం ఉండే మనిషి. కిటికీలకి నల్లగుడ్డలు కట్టుకుని, ఆ చీకట్లో చెమటలు కక్కుకుంటూ ఉన్నాడు. ఆ పెళ్ళి క్యాసెట్ ఇంకా ఉందా అని అడిగితే, "ఉంది గానీ ఈ ముహూర్తాలకి దాని మీద ఇంకో పెళ్ళి ఎక్కిస్తన్నా" అన్నాడు. కాంట్రాక్టరు ఇంట్లో ఉన్న క్యాసెట్ గడప దాటనివ్వరని నాకు తెలుసు. ఆ నల్లగుడ్డలు చూపించి, "ఇవి చీలికలు పీలికలుగా ఉన్నయ్యి. మంచి తెరలు కుట్టి పెడతా, కూలీ వద్దు. మా ఊళ్ళో ప్రభకి మిషను ట్రయల్ ఏసినప్పుడు ఆ క్యాసెట్లో భోజనాల భాగం ఒక్కసారి ఎయ్యి. మా అన్న ఉన్నాడు అందులో. అమ్మకి టీవీలో ఆనట్లా" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే పో. ముందు తెరలు కుట్టు" అన్నాడు. ఆ తెరలు కుట్టినంత శ్రద్ధగా నా పెళ్ళి జాకెట్టు కూడా కుట్టుకోలేదు.

చీరలు వచ్చాయి. మా అరుగంతా రంగులు. నూజెండ్ల నుంచి వచ్చిన కోడలి అద్దకం చీర, సత్తెనపల్లి బజారులో కొన్న నైలెక్సు చీరలు, నీళ్ళకి వెలిసిన నేతచీరలు. ఆస్తిపరుల ఇళ్ళ నుంచి మాత్రం జరీ పట్టుచీరలు. అవి ఎక్కడ పెట్టాలి? ఇందులో ఆలోచించడానికేముంది, స్వామికి ఎదురుగా మంచివే ఉండాలి. ప్రభ నడిమధ్యన, బొమ్మ పడే చోట, జరీ జరీ కలిసేలా పట్టుచీరలన్నీ కుట్టాను. చుట్టూ నైలెక్సులు. అంచుల్లో నేతచీరలు. బాబాయి చూసి "అబ్బ, ధగధగలాడిపోతంది!" అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది. ఇంత పెద్ద కుట్టు నా చేతి మీద ఎప్పుడూ పడలేదు.

శివరాత్రికి ముందు రోజు ప్రభ లేపారు. తాళ్ళు పట్టి ఊరంతా లాగితే అది మెల్లగా తల ఎత్తింది. పొద్దుగూకేసరికి వీడియో ఆయన ట్రాక్టరు మీద మిషను తెచ్చాడు. బీరువాని అడ్డంగా పడుకోబెట్టినంత పెట్టె. ముందు మూడు పెద్ద అద్దాలు. ఒక దాంట్లోంచి ఎరుపు, ఒక దాంట్లోంచి పచ్చ, ఒక దాంట్లోంచి నీలం. ఆ మూడు వెలుగులూ ఒకచోట కలిస్తేనే బొమ్మ. మూడు కళ్ళు చూడగానే ముసలివాళ్ళు దాని ముందు చెప్పులు విడిచేశారు. "ముక్కంటి వచ్చాడ్రోయ్" అని ఎవరో అంటే ఊరంతా గొల్లుమంది. నవ్వినవాళ్ళే చేతులూ జోడించారు.

వీధి దీపాలు ఆపించి జనరేటర్ వేశారు. మిషన్లోంచి వెలుగు బయల్దేరి పట్టుచీరల మీద పడింది. అంతే, భగ్గుమంది! జరీ పోగు పోగూ వెలుగుని వెనక్కి విసిరింది. ఎర్ర మెరుపులు, పచ్చ మెరుపులు, నీలి మెరుపులు. మా ఇళ్ళ గోడల మీద, మొహాల మీద, ఎద్దుల వీపుల మీద రంగుల చుక్కలు పరుగులు తీశాయి. జనం "హరహర మహాదేవ" అని గావుకేకలు పెట్టారు. ఆడవాళ్ళు దణ్ణాలు పెడుతున్నారు. వీడియో ఆయన ట్రాక్టరు మీద నుంచి గొంతు చించుకుంటున్నాడు. "ఎందుకయ్యా దణ్ణాలు! బొమ్మ ఎక్కడుంది? బొమ్మే లేదు!"

నిజమే. మెరుపే తప్ప బొమ్మ లేదు. మేం మెరుపునే బొమ్మ అనుకుని మురిసిపోతున్నాం. అంత అందాన్ని నేను అంతకు ముందు చూడలేదు, అయినా నేను అమ్మ వైపు తిరిగాను. ముందు వరసలో గోనెపట్టా మీద అమ్మ కూర్చుని ఉంది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మెరుపుల్లో కొడుకుని వెతుకుతోంది.

"మెరిసే గుడ్డ పనికిరాదు. తెల్లది, మెరుపు లేనిది కావాలి" అన్నాడాయన. పట్టుచీరలు తీసేద్దామన్నాను. ఇంకేముంది, పెద్ద గొడవ. స్వామి ఎదుట కట్టిన చీర ఎట్టా తీస్తారు, మా చీరే ముందు ఎందుకు తియ్యాల అని ఇచ్చినవాళ్ళు లేచారు. నాకు ఒళ్ళు మండింది. "తియ్యొద్దు లెండి! వాటి ముందు ఇంకోటి కడతా. ఊళ్ళో పంచెలన్నీ తెండి" అన్నాను.

బాబాయి తన ఇంట్లోకి వెళ్ళి, తిరునాళ్ళకని కొనుక్కున్న కొత్త పంచె మడత విప్పకుండా తెచ్చి నా ఒళ్ళో వేశాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. కొత్తవి, పాతవి, గంజి పెట్టినవి, పొలానికి కట్టుకుపోయేవి. ఆడవాళ్ళం లాంతర్లు పెట్టుకుని నేల మీద కూర్చుని, పంచె పక్కన పంచె పరిచి పొడుగు టాకాలు వేశాం. పట్టుచీర ఇచ్చినవాళ్ళలో ఒకావిడ కూడా సణుక్కుంటూనే వచ్చి సూది అందుకుంది. కుర్రాళ్ళు వెదుళ్ళ మీదికి ఎక్కి, కుట్టినదాన్ని పైకి చేది, చీరల ముందు జానెడు ఎడంగా కట్టారు.

వీడియో ఆయన స్వామి పాటల క్యాసెట్ వేశాడు. పంచెల మీద మంచుకొండ నిలబడింది. పలచటి నేత కదా, వెలుగు కొంత పంచె మీద ఆగింది, కొంత దాటిపోయి వెనకున్న జరీకి తగిలింది. మంచుకొండ లోపల్నుంచి బంగారం మిణుకు మిణుకుమంటోంది. గాలి తోసినప్పుడు కొండ ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి, మళ్ళీ సర్దుకుంటోంది. ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు. చంటిపిల్లలు కూడా నోరు మూసుకున్నారు. ఏ రాజులూ చూసి ఉండరు అలాంటిది. మా పంచెలు, మా చీరలు, మా వెదుళ్ళు, పేట నుంచి వచ్చిన వెలుగు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.

నేను ట్రాక్టరు దగ్గరికి పోయి "ఇప్పుడు అది ఎయ్యి" అన్నాను. బాబాయి విన్నాడు. విషయం తెలిసి ఆయన మొహం మాడిపోయింది.

"స్వామి ప్రభ మీద చచ్చిపోయినోడి బొమ్మేందే? బుద్ధుందా నీకు?"

"కొబ్బరికాయ రేపు పొద్దున గదా కొట్టేది బాబాయ్? కాయ కొట్టేదాకా ప్రభ కాదని నువ్వే అంటావు గదా. ఇయ్యాల ఇది వెదుళ్ళూ గుడ్డలే. ఆ గుడ్డలు కుట్టింది నేనే."

ఆయన అమ్మ వైపు చూశాడు. అన్నని లారీలోంచి దించిన నలుగురిలో ఆయనా ఉన్నాడు. భుజం మీద కండువా తీసి మొహం తుడుచుకుని, "ఎయ్యవయ్యా" అన్నాడు.

పంచెల మీద పెళ్ళి భోజనాలు మొదలయ్యాయి. బారులు తీరిన విస్తళ్ళు. ఒక్కో విస్తరి మా వాకిలంత. తింటున్న పెద్దమనుషులు. ఎడమ వైపు నుంచి రెండు కాళ్ళు వచ్చాయి. పైకి చెక్కిన పంచె, చేతిలో సాంబారు బకెట్టు. కెమెరా తినేవాళ్ళ ఎత్తులో ఉండటంతో మనిషి ఛాతీ దాకానే ఉన్నాడు, తల పైన ఎక్కడో తెగిపోయింది. అప్పుడు ఆ మనిషి వడ్డించడానికి వంగాడు.

పైనుంచి మా అన్న మొహం కిందికి దిగి వచ్చింది.

రెండు నిలువుల మనిషి. నుదుటి మీద చెమట. పక్కకి పోయిన నవ్వు. గరిటెతో వడ్డించి లేస్తే మొహం పైకి వెళ్ళిపోయింది. ఇంకో విస్తరి దగ్గర వంగితే మళ్ళీ వచ్చింది. గాలికి పంచెలు ముందుకి ఉబ్బినప్పుడు మూడు రంగులూ విడిపోయి, ఎర్ర అన్న, పచ్చ అన్న, నీలి అన్న, ముగ్గురూ కలిసి మా మీదికి వంగారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు విస్తరి ముందున్నట్టే కాస్త వెనక్కి జరిగి చోటిచ్చారు. "ఒరేయ్, మనోడేరా" అని ఎవరో అన్నారు.

వీడియో ఆయన అన్న వంగిన చోట బొమ్మని ఆపాడు, అమ్మ బాగా చూస్తుందని. బొమ్మ నిలిచి, మొహం మీద గీతలు అడ్డంగా వణికాయి. అమ్మ వెనక్కి తిరిగి గట్టిగా అంది.

"ఆపొద్దయ్యా. వాణ్ణి వడ్డించనియ్యి. జనం కూర్చున్నారు."

ఆయన వదిలేశాడు. అన్న ఆ బంతి చివరిదాకా వడ్డించుకుంటూ పోయి, కుడి వైపు అంచున నేతచీరల్లోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరెవరో అక్షింతలు వేశారు. మేం ఎవరం చూడలేదు.

దీపాలు వేశాక అమ్మ లేచి నేరుగా ట్రాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఏడవలేదు. ఆయన వైర్లు చుట్టుకుంటున్నాడు.

"నాయనా, ఆ పూట నువ్వక్కడే ఉన్నావు గదా. అందరికీ వడ్డించాడు. వాడు తిన్నాడా?"

ఆ ముక్కోపి మనిషి చుడుతున్న వైరు కింద పెట్టాడు. "తిన్నాడమ్మా. వడ్డించేవాళ్ళకీ మాకూ ఆఖరి బంతి. నా పక్కనే కూర్చున్నాడు. పెరుగు రెండోసారి అడిగి ఏయించుకున్నాడు" అన్నాడు.

మా అన్న పుట్టి బుద్ధెరిగి పెరుగు ముట్టలేదు. పెరుగు గిన్నె రాగానే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. అమ్మ ఆయన మొహం వైపు కాసేపు చూసింది.

"అట్టనా నాయనా" అంది. "మరి నువ్వు తిన్నావా?"

పేట పోయి తింటానంటే వినకుండా చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చింది. అన్న పోయాక మా ఇంట్లో వడ్డించుకోవడం లేదు, కుండ దగ్గర ఎవరిది వాళ్ళు పెట్టుకుని తినేవాళ్ళం. ఆ పూట అమ్మ పీట వేసి, విస్తరి కడిగి, పప్పు గిన్నె పట్టుకుని నిలబడింది. ఆయన చాలమ్మా చాలమ్మా అంటున్నా వంగి వంగి వడ్డిస్తోంది. లాంతరు నేల మీద ఉంది. అమ్మ వంగినప్పుడల్లా ఆ మొహం వెలుగులోకి దిగి వస్తోంది, లేస్తే పైకి పోతోంది. గోడకి ఆనుకుని చూస్తున్న నేను ఉలిక్కిపడ్డాను. అదే నుదురు. అదే మూతి. అన్న ముమ్మూర్తులా అమ్మే. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి నాకు కనపడలేదు.

ఆయన వెళ్ళిపోయాక ఆ మాట అమ్మకి చెప్పాను. "ఊరుకోవే" అంది.

మర్నాడు తెల్లవారి నేను లేచేసరికి ప్రభ దగ్గర డప్పులు మోగుతున్నాయి. జాకెట్లు వేసుకుని చూసుకునేవాళ్ళ కోసం మిషను పక్కన గోడకి నేను పెట్టిన అద్దం ఒకటుంది. నాన్న పోయిన నాటి నుంచి అమ్మ అద్దం జోలికి పోలేదు. ఆ రోజు దాని ముందు నిలబడి ఉంది. ముక్కు తగిలేంత దగ్గరగా, కాస్త మంచిదైన ఎడమ కన్నుతో చూసుకుంటోంది. నన్ను చూసి కూడా కదల్లేదు.